పుట్టుమచ్చ: విధిలిఖితమా, దేహధర్మమా?

దేహచిహ్నాన్ని చూసి మనిషిని నిర్ణయించడం లోకంలో రెండు విధాలుగా సాగింది. సాముద్రికుడు దానిలో భాగ్యాన్ని చదివాడు. రాజ్యం దానిని ఆనవాలుగా వ్రాసుకున్నది. ఈ రెండు దృష్టులూ కలిసిన చోటు బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం. 1913లో, నేరస్థ జాతుల చట్టం నీడలో, ఎరుకల కుటుంబాల కొరకు సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన సెటిల్‌మెంటు అది. నమోదైనవారి వేలిముద్రలు సేకరించే అధికారాన్ని 1911 నాటి చట్టం ప్రభుత్వానికిచ్చింది. 1952లో చట్టం రద్దయినా జన్మను బట్టి వేసిన ముద్ర లోకుల నోట మిగిలింది. అదే ఎరుకల స్త్రీలకు సోదె చెప్పడం పరంపరాగత వృత్తి.

ఈ రెండు దృష్టులకూ సమాధానం గీతాశాస్త్రపు త్రయోదశాధ్యాయంలో ఉన్నది. శరీరం క్షేత్రం, దానిని ఎరిగినవాడు క్షేత్రజ్ఞుడు. మచ్చ క్షేత్రానిదే గాని క్షేత్రజ్ఞునిది కాదు. అయితే, ఆత్మ వేరు గనుక దేహాన్ని ఉపేక్షించవచ్చుననుట అపసిద్ధాంతం. పొలం తాను కానని తెలిసిన రైతు కలుపు తీయడం మానడు గదా!

సుశ్రుతాచార్యుడు తిలకాలక, మషక, జతుమణులను క్షుద్రరోగాలలో లెక్కించి, శస్త్రంతో ఛేదించి క్షారంతో గాని అగ్నితో గాని దహించవలెనన్నాడు. మచ్చ తీయిస్తే అదృష్టం తొలగునన్న భీతికి ఆ శాస్త్రంలో తావు లేదు.

పుట్టుమచ్చలలో అధికభాగం నిరపాయకరమైనవే. కాని ఒక అర్ధభాగం రెండవదానిని పోలకపోవడం, అంచులు చెదరడం, వర్ణాలు కలగలియడం, వ్యాసం 6 మిల్లీమీటర్లు మించడం, అన్నింటికంటె ముఖ్యంగా మచ్చ మారుతూ ఉండడం, రక్తం స్రవించడం ఉపేక్షింపదగని లక్షణాలు. మెలనోమా అనే చర్మపు క్యాన్సరు నల్లని చర్మం గలవారిలో అరుదే. వచ్చినప్పుడు తరచుగా అరికాలిలో, అరచేతిలో, గోరు క్రింద దాగి ఉంటుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లే 1981లో, 36వ ఏట, కాలి బొటనవ్రేలి గోరు క్రింద మొదలైన ఈ వ్యాధితోనే మరణించాడు. చెప్పులు లేకుండా పొలంలో తిరిగేవారు అరికాలి నల్లమచ్చను ముల్లు గుచ్చుకున్న గుర్తుగానే భావించడం సహజం, ప్రమాదమూ అక్కడే.

సున్నమూ సోడా పూసి ఇంటివద్దనే మచ్చను కాల్చుకొనుట మరింత అనర్థం. కాలిపోయినదానిని పరీక్షించుట అసాధ్యం. నేటి వైద్యుడు స్థానికంగా మత్తునిచ్చి, మచ్చను సమూలంగా కోసి, ఆ కణజాలాన్ని సూక్ష్మదర్శిని పరీక్షకు పంపుతాడు. రోగనిర్ణయానికి ఆధారం అదే. గుంటూరు సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగమున్నది. స్టూవర్టుపురం నుండి అది దుర్గమమైన దూరం కాదు.

పదవ తరగతి ధ్రువపత్రంలో ఆ మచ్చే ఆనవాలుగా నమోదై ఉన్నదన్న సంకోచం కొందరిది. శస్త్రచికిత్స పత్రాన్ని భద్రపరచుకుంటే చాలు. కాగితం కొరకు ప్రాణాన్ని పణంగా పెట్టనవసరం లేదు.

ఎరుక అనగా జ్ఞానం. మచ్చలో భవిష్యత్తును వెదకుట ఎరుక కాదు. మచ్చలోని మార్పును సకాలంలో గుర్తించుటే ఎరుక. క్షేత్రజ్ఞునికి తన క్షేత్రం పట్ల గల ప్రథమ కర్తవ్యం అదే.