ముఖచిత్రం ఎవరిది?

కాలేజీ వార్షిక సంచిక సంపాదకత్వం తెలుగు పంతులు నెత్తిన పడడం మన ప్రాంతంలో ఆనవాయితీ. లెక్కలవారికి లెక్కలుంటాయి, సైన్సువారికి లేబరేటరీ ఉంటుంది. తీరుబడి ఉన్నవాడు తెలుగువాడొక్కడేనని ప్రిన్సిపాళ్ళ నిశ్చితాభిప్రాయం. పదకొండేళ్ళుగా నేనూ ఆ బరువు మోస్తున్నాను. కథలు వస్తాయి. కవితలు వద్దన్నా వస్తాయి. అడిగినా రానిది ముఖచిత్రం ఒక్కటే.

ఒకప్పుడు ఆ చింత లేదు. మా ఊరి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయిన పెద్దమనిషి ఒకరున్నారు. సంక్రాంతి వెళ్ళగానే వారింటికి వెళ్ళేవాణ్ణి. కాఫీ ఇప్పించి, "ఈసారి ఏమిటి సంగతి?" అనేవారు. శివరాత్రి నాటికి బొమ్మ సిద్ధం. పుచ్చుకొన్నది రంగుల ఖర్చు మాత్రమే. మూడేళ్ళ కిందట ప్రెస్సువారు కంప్యూటరులో ఏదో సూర్యోదయం ఫోటో తెచ్చి అతికించి, "ఇది సరిపోతుందండీ" అన్నారు. సరిపోయింది. ఆ ఏడు నేను మాస్టారింటికి వెళ్ళలేదు. బొమ్మ అక్కరలేదని చెప్పడానికైనా వెళ్ళలేదు. ఆ తర్వాత రెండేళ్ళూ ఆ వీధినుంచి నడవడమే మానుకొన్నాను. ఇది చెప్పుకోదగిన సంగతి కాదు గాని, చెప్పకపోతే తక్కిన కథ నడవదు.

ఈ ఏడు డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడొకడు, "ఇంక సూర్యోదయాలు చాలు సార్" అంటూ తన ల్యాప్‌టాప్ తెచ్చి స్టాఫ్ రూములో నా బల్లమీద పెట్టాడు. అందులో గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ ఉన్నది. 1995లో అమెరికాలోని బర్క్‌లీలో చదువుకొంటున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు మొదలుపెట్టిన పని అది. ఉచితం. ఆ మాట వినగానే ప్రిన్సిపాల్‌గారు మరి రెండో ప్రశ్న వెయ్యకుండా అనుమతి ఇచ్చారు. దానికి ప్లగిన్లని బోలెడన్ని ఉన్నాయి. పాత ఇంటికి తర్వాత దించుకొన్న వసారాలవంటివి అనుకోండి. వాటిలో ఒకదాని పేరు క్యూబిస్ట్. పేరు వింటే పికాసో, బ్రాక్‌లు గుర్తుకు వస్తారు గాని, దీని మూలకర్త యోర్న్ లోవిస్కాఖ్ అనే జర్మన్. ఆయన డాస్ కాలంలో రాసినదానికి యెన్స్ రెస్టెమైయర్ అనే ఆయన గింప్‌లో కొత్త అవతారం ఇచ్చాడు.

తెరిస్తే తొమ్మిది గళ్ళు కనబడతాయి. గుడిలో నవగ్రహ మంటపం చూచారుగా, సరిగ్గా అదే అమరిక: నడుమ సూర్యుడు, చుట్టూ ఎనమండుగురు. నడిమి గడిలో ఒక రంగుల వింత; చుట్టూ దాని పోలికతోనే, కాని దాని మాట వినని ఎనిమిది బొమ్మలు. మీకు నచ్చినదాన్ని నొక్కితే అది నడిమికి వస్తుంది. శనీశ్వరుణ్ణి నొక్కితే ఆయనే సూర్యస్థానం అలంకరిస్తాడన్నమాట. వెంటనే చుట్టూ మళ్ళీ ఎనిమిది కొత్త పిల్లలు. మళ్ళీ ఒకటి నొక్కుతారు. అర్ధరాత్రి అవుతుంది. "ఏమండీ, మీరు చూస్తున్నది సంచికేనా?" అని మా ఆవిడ రెండుసార్లు లేచి వచ్చి చూచి వెళ్ళింది.

ఈ రంగులు ఎక్కడినుంచి వస్తాయని కుర్రాణ్ణి అడిగాను. వాడు చెప్పిన తీరు నాకు నచ్చింది. బొమ్మలో ప్రతి చుక్కకూ ఒక చిరునామా ఉంటుంది: ఎడమనుంచి ఇంత, పైనుంచి ఇంత. ఆ అంకెలే ముడిసరుకు. వాటిని 36 మెట్లు ఎక్కిస్తారు. ఒక మెట్టుమీద జరపడం, ఒక మెట్టుమీద తిప్పడం, ఇంకొక మెట్టుమీద గుణించడం, ఇట్లా తొమ్మిది రకాల పనులలో ఏదో ఒకటి. చివరికి చేతిలో మిగిలిన మూడు అంకెలను ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళుగా చదువుకొంటారు. అంతే, చిరునామా రంగయిపోయింది! ఏ మెట్టుమీద ఏ పని అన్నది యంత్రం చీట్లు వేసి నిర్ణయిస్తుంది. మనం ఒక గడిని ఎన్నుకొన్నప్పుడు దాని మెట్లలో కొన్నింటిని అక్కడక్కడ మార్చి ఎనిమిది నకళ్ళు తీస్తుంది. ఛందస్సు చదువుకొన్నవారికి ప్రస్తారం గుర్తుకు వస్తుంది. గురువునూ లఘువునూ మూడు స్థానాలలో తారుమారు చేస్తే 8 గణాలు పుడతాయి, అక్కడితో సరి. ఇక్కడ పుట్టేవాటికి లెక్క లేదు.

ఆ రాత్రి నాకొక బొమ్మ దొరికింది. ముదురు నీలంలో నెమలికంఠం రంగు వంపులు, వాటి అడుగున పసుపు అంచు, ఒక మూల మాత్రం కుంకుమ. ఇంతకంటె చెప్పలేను. చెప్పగలిగితే అది నైరూప్య చిత్రం ఎందుకవుతుంది? దాన్ని జాగ్రత్తగా బొమ్మగా దాచుకొని, సంతోషంతో ఇంకో గడి నొక్కాను, మరొకటి నొక్కాను, మూసి పడుకొన్నాను.

మర్నాడు ప్రెస్సుకు పంపితే యజమాని ఫోను చేశాడు. "ఇది 600 చుక్కల బొమ్మండీ. అంగుళానికి 300 చొప్పున వేస్తే రెండంగుళాలు వస్తుంది. ఏ4 ముఖచిత్రానికి 2480 చుక్కల వెడల్పు, 3508 ఎత్తు కావాలి. సాగదీస్తే మసకబారుతుంది. తమరు అట్ట వెయ్యమన్నారా, తపాలా బిళ్ళ వెయ్యమన్నారా?"

కుర్రాడు నెత్తి కొట్టుకొన్నాడు. క్యూబిస్ట్‌లోనే "సేవ్" అని ఒక మీట ఉన్నదట. అది బొమ్మను కాదు, ఆ 36 మెట్ల పాకాన్ని దాస్తుంది. 288 బైట్లు. యూనికోడ్ తెలుగులో ఒక్కొక్క చిహ్నానికి 3 బైట్లు గనుక, 96 చిహ్నాలకు సమానం. ఒక ఆటవెలది పట్టీ పట్టకుండా ఉంటుంది. ఆ చిన్న పాకం ఉంటే అదే బొమ్మను గోడంత అయినా వండుకోవచ్చు, ఎంత పెంచినా మసక ఉండదు. నేను వడ్డించిన విస్తరి దాచుకొని, పాకం పారబోశాను. వెనక్కి వెళ్ళే మీట ఒక్క అడుగే వెళ్తుంది. మూడు రాత్రులు వెతికాను. నీలాలు వచ్చాయి, పసుపులు వచ్చాయి, అది రాలేదు.

అప్పుడు గుర్తుకు వచ్చారు మాస్టారు. అవసరం వచ్చినప్పుడు గుర్తుకు రావడమే, ఏం చేస్తాం. ఆ చిన్న బొమ్మను కాగితంమీద అచ్చు తీయించి, దీన్ని పెద్దదిగా చేత్తో వేసిపెడతారేమోనని, మూడేళ్ళ తర్వాత ఆ మెట్లు ఎక్కాను.

ఆయన ఏమీ అనలేదు. కాఫీ ఇప్పించారు. కాగితం చేతిలోకి తీసుకొని, తలకిందులు చేసి చూచి, మళ్ళీ నిలబెట్టి, "ఎవరు వేశారు?" అన్నారు. చెప్పాను. "యంత్రం వేసినదానికి నన్ను నకలు రాయమంటారా?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. వెళ్ళొస్తానని లేవబోయాను. "ఆ యంత్రం ఎట్లా వేస్తుందో చూపించండి, వెళ్దురుగాని" అన్నారు.

సాయంత్రం కుర్రాణ్ణీ ల్యాప్‌టాప్‌నూ వెంటబెట్టుకొని వెళ్ళాను. వసారాలో బల్లమీద పెట్టాము. మాస్టారికి చెయ్యి వణుకుతున్నది, మౌసు నిలవలేదు. అప్పుడు తెలిసింది నాకు. మూడేళ్ళ కిందట వణికేది కాదు. ఆయన వేలు చూపిస్తే కుర్రాడు నొక్కాడు. "ఆ కింది మూలది." "ఉహూఁ, నీలం అరుస్తున్నది, వెనక్కి పోనీ." "ఈ వంపు బాగుంది, కాని దీనికి ఊపిరాడడం లేదు. పక్కదాన్ని పట్టు." నేను మూడు రాత్రులూ మెరిసినదాన్నల్లా నొక్కుతూ పోయాను. ఆయన మెరిసినవాటిని ఒక్కొక్కటిగా వదిలించుకొంటూ వచ్చారు. గంటన్నరకు తెరమీద ఏం మిగిలిందనుకొన్నారు? బూడిదరంగు, దానిమీద తడిసిన ఇటుక రంగు, ఒకే ఒక్క తెల్లని చీలిక.

"దీన్ని దాచు" అన్నారు. కుర్రాడు ముందు పాకం దాచి, తర్వాత ప్రెస్సువారు అడిగిన కొలతకు బొమ్మ వండాడు.

"మీరు పోగొట్టుకొన్నది అంత గొప్పదేమీ కాదులెండి" అన్నారు మాస్టారు నన్ను సాగనంపుతూ.

నిన్న ప్రూఫులు వచ్చాయి. రెండో పేజీ అడుగున "ముఖచిత్రం" అని ఉండి, ఎదుట ఖాళీ. కుర్రాణ్ణి అడిగితే, "నేను మీటలు నొక్కానంతే సార్" అన్నాడు. మాస్టారికి ఫోను చేశాను. "నేను గీయని బొమ్మకు నా పేరేమిటండీ, తీసెయ్యండి" అని పెట్టేశారు. పోనీ జర్మనీ ఆయన పేరు వేద్దామా అంటే, ఆయన ఈ బొమ్మను చూడనే లేదాయె.

ప్రెస్సువాడు సాయంత్రం దాకా రెండుసార్లు అడిగాడు. మూడోసారి మాస్టారి పేరే చెప్పి వేయించాను. సోమవారం ప్రతులు వస్తాయి. మొదటిది తీసుకొని నేనే వెళ్ళాలి.