వాయిదాల కింద నలిగిన వయసు

రాష్ట్రం వచ్చిన ఎనిమిదేళ్లకు, 2022 ఏప్రిల్‌లో, తెలంగాణ తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ పడింది. 503 పోస్టులు. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాశారు. బయోమెట్రిక్ తీసుకోలేదని హైకోర్టు సెప్టెంబరులో దాన్నీ కొట్టేసింది. 2024 జూన్‌లో ముచ్చటగా మూడోసారి! పేపర్ అమ్ముకున్నవాడొకడు, నిర్లక్ష్యం చేసినవాడొకడు. శిక్ష మాత్రం పుస్తకం పట్టుకున్న లక్షల మందికి.

ఈలోగా ఆ పిల్లల మనసులు ఏమయ్యాయో ఎవరైనా అడిగారా? హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోకి పోయి చూడండి. నలుగురు సర్దుకున్న గది, ఐదు రూపాయల భోజనం, ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తాలంటే భయం. "నౌకరీ ఎప్పుడొస్తది బిడ్డా?" అని తల్లి ఆశగానే అడుగుతుంది. పెళ్లికి పోతే "ఇంకా చదువుతనే ఉన్నవా?" అని ఎవరో ఒకరు అననే అంటారు. అందుకే పెళ్లిళ్లు మానేస్తారు. తర్వాత పండగలకు ఊరికి పోవడమూ మానేస్తారు. నిద్ర పట్టదు, చదివింది తలకెక్కదు. ముప్పై దాటినా ఇంటి నుంచే డబ్బు రావాలన్న సిగ్గు కుంగుబాటుగా ముదురుతుంది. మనమేమో బద్ధకం అంటాం, గుండె గట్టి చేసుకోమంటాం.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024 నివేదిక చూడండి. 2022లో మన దేశంలో డిగ్రీ చదివిన యువతలో నిరుద్యోగం 29.1 శాతం, చదవడం, రాయడం రానివారిలో 3.4 శాతం. చదువు లేనివాడు దొరికిన కూలికి పోతాడు. పొలం అమ్మి చదివించిన కొడుకును ఏ తండ్రి కూలికి పంపుతాడు? ఆ 2022లోనే దేశంలో ప్రాణాలు తీసుకున్న నిరుద్యోగులు 15 వేలకు పైనే అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క రాసింది. ఒక్కరు పోతే పార్టీలన్నీ శవం దగ్గర వాలి, మీ హయాం అంటే మీ హయాం అని కొట్టుకుంటాయి. బతికున్నవాళ్ల దగ్గరికి ఏ ఒక్కరూ రారు.

మనోవేదనలో సాయానికి టెలి మానస్ నంబరు 14416 ఉంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనసు బాగోకపోతే సిగ్గుపడకుండా ఫోన్ చేయండి. కానీ ఏలినవారూ, నంబరిచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు. గాయం చేస్తున్నది మీరే. 2024లో వయోపరిమితిని 46 ఏళ్లకు పెంచామని గొప్పలు చెప్పుకున్నారు. అంటే 46 దాకా ఎదురుచూడమనా? చెప్పిన తేదీకి పరీక్ష పెట్టండి. మీ తప్పుతో రద్దయితే మళ్లీ రాసేదాకా వాళ్ల నెల ఖర్చు మీరే భరించండి. వాళ్లు చదువుకునే ప్రతి లైబ్రరీలో ఒక కౌన్సెలర్‌ను కూర్చోబెట్టండి. మీ ఐదేళ్ల పదవిలో ఒక్క రోజు తగ్గితే మీరు ఊరుకుంటారా? వాళ్ల ఐదేళ్లు ఎవరిస్తారు?