అందరూ అందలమెక్కితే కథ ఎవరిది?

2025 ఫిబ్రవరిలో వీడియో గేమ్‌ల కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అధిపతి ఆండ్రూ విల్సన్ మదుపరుల ముందు ఓ సంజాయిషీ ఇచ్చుకున్నారు. అంతకు మూడు నెలల ముందు విడుదలైన ‘డ్రాగన్ ఏజ్: ద వీల్‌గార్డ్’ను ఆ త్రైమాసికంలో ఆడినవాళ్లు 15 లక్షల మంది. కంపెనీ వేసుకున్న అంచనాలో అది దాదాపు సగమే. మంచి కథ ఒక్కటే ఇప్పుడు చాలదని, పదిమందీ కలిసి తిరిగే ఉమ్మడి ప్రపంచాన్ని కూడా ఆటగాళ్లు నానాటికీ ఎక్కువగా కోరుతున్నారని, ఆటలు అందుకు తగ్గట్టు ఉండాలని ఆయన చెప్పిన మాటల సారాంశం. ఒక్కడే కూర్చుని, ఓ పాత్రలో దూరి ఆడే ఫాంటసీ ఆర్పీజీకి రోజులు చెల్లాయన్న పాత పాటకు ఇది కొత్త చరణం. ఈ పాట మొదటినుంచీ శ్రుతి తప్పిందే.

ముందు వీల్‌గార్డ్ సంగతే చూద్దాం. ఉమ్మడి ప్రపంచం లేక దెబ్బతిన్న ఆట కాదది, ఉమ్మడి ప్రపంచం కోసం ఏళ్లు పోగొట్టుకున్న ఆట. సింగిల్ ప్లేయర్‌గా సాగుతున్న తొలి రూపాన్ని 2017లో పక్కన పడేసి, ఏళ్ల తరబడి కొత్త సరుకు చేరుస్తూ డబ్బు రాబట్టే ఆన్‌లైన్ లైవ్ సర్వీస్‌గా మళ్లీ మొదలుపెట్టారు. 2019లో డ్రాగన్ ఏజ్ తయారుచేసే బయోవేర్ స్టూడియోయే తీసుకొచ్చిన ఆన్‌లైన్ ఆట ‘యాంథమ్’ చతికిలబడింది. అదే ఏడాది ఎలక్ట్రానిక్ ఆర్ట్సే అమ్మిన సింగిల్ ప్లేయర్ ‘స్టార్ వార్స్ జెడై: ఫాలెన్ ఆర్డర్’ బ్రహ్మాండంగా ఆడింది. అప్పుడు గానీ డ్రాగన్ ఏజ్‌ను తిరిగి సింగిల్ ప్లేయర్ దారిలోకి మళ్లించలేదు. ఇన్ని మలుపులు తిప్పిన చేతులే ఇప్పుడు మలుపు చాలలేదంటున్నాయి.

ఇక అంగట్లో జనం దేన్ని కొన్నారు? సింగిల్ ప్లేయర్ ఆటల్నే. ‘స్కైరిమ్’ 2011 నుంచి 6 కోట్ల ప్రతులు అమ్ముడైంది. ‘విచర్ 3’ ఎనిమిదేళ్లలో 5 కోట్లు దాటింది. ‘హాగ్వార్ట్స్ లెగసీ’ 2023 ఒక్క ఏడాదిలోనే 2 కోట్ల పైచిలుకు. ఈ చివరిదాన్ని అమ్మిన వార్నర్ బ్రదర్స్ మర్నాడే పాఠం మరిచి, 2024లో ‘సూసైడ్ స్క్వాడ్’ అనే ఆన్‌లైన్ లైవ్ సర్వీస్ ఆట దించి, 20 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది.

ఇక్కడ అవతలివారు అందుకునే మాట ఒకటుంది. 2023లో అవార్డులన్నీ ఊడ్చుకుపోయిన ‘బాల్డర్స్ గేట్ 3’ని నలుగురు కలిసి ఆడవచ్చు కదా, అంటారు. అసలు ఈ ఆటల మూలపురుషుడు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో పుట్టిందే స్నేహితుల బల్ల చుట్టూ కదా, ఒంటరి ఆటే దారి తప్పిన బిడ్డ కదా, అని కూడా అంటారు. వినడానికి గట్టిగానే ఉంది. కానీ ఆ బల్ల దగ్గర కూర్చునేది నలుగురైదుగురు. వాళ్లకు ఎదురుగా కథ నడిపే డంజన్ మాస్టర్ ఒకరుంటారు. ఈ వారం మీరు సత్రం తగలబెడితే వచ్చే వారం అక్కడ బూడిదే ఉంటుంది. చేసిన పనికి లోకం జవాబు చెప్పడమే ఆ ఆటకు ప్రాణం.

బాల్డర్స్ గేట్ 3 నిలబెట్టుకున్నది దాన్నే. మొదటి అంకంలో డ్రూయిడ్ల తోపును గాబ్లిన్ల పాలు చేస్తే, అక్కడ తలదాచుకున్న శరణార్థులు తర్వాతి అంకంలో ఎదురుపడాల్సిన చోట్లు బోసిపోతాయి. ఒక్కరు ఆడినా నలుగురు ఆడినా ఇంతే. కాబట్టి గీత పడేది ఒకరికీ నలుగురికీ మధ్య కాదు. నలుగురికీ వేలమందికీ మధ్య.

వేలమంది ఉన్నచోట లోకం మీ మాట వినదు, వినకూడదు కూడా. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో ఆనిక్సియా అనే ఆడ డ్రాగన్ తల నరికి తెచ్చి నగరంలో అందరూ చూసేలా వేలాడదీస్తారు. కొన్నాళ్లకు ఆమె మళ్లీ తన గుహలో తాపీగా కూర్చుని ఉంటుంది. ఎందుకంటే వెనక మరో ఆటగాళ్ల జట్టు, అంటే గిల్డ్, వంతుంది. మీ రాజును మీరు చంపేస్తే మిగతావాళ్లకు క్వెస్ట్ ఇచ్చేదెవరు? ‘ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్’ కథ మిమ్మల్ని లోకాన్ని కాపాడే ఏకైక వీరుడంటుంది. బ్యాంకు గుమాస్తా దగ్గరికెళ్తే మీలాంటి ఏకైక వీరులు యాభైమంది గుమిగూడి ఉంటారు. అందరూ అందలమెక్కితే మోసేవాళ్లెవరని మనవాళ్లు ఊరికే అనలేదు. ఉమ్మడి లోకం చేత జవాబు చెప్పించే ప్రయత్నమూ జరిగింది. 1997లో ‘అల్టిమా ఆన్‌లైన్’ కోసం రిచర్డ్ గారియట్ బృందం మృగాలు, వాటి ఎర, ఆ ఎర తినే గడ్డి వరకూ ఓ జీవావరణం అల్లింది. ఆటగాళ్లు కనిపించిన ప్రాణినల్లా నరుకుతూ పోతే ఆ అల్లిక నిలవలేదు, తీసేశారు.

అయితే ఆన్‌లైన్ ఆటలు తక్కువవని అనడం లేదు. 2005లో వార్‌క్రాఫ్ట్‌లో ఒక బాస్ అంటించే శాపం పొరపాటున నగరాల్లోకి పాకి మహమ్మారై కూర్చుంది. కొందరు వైద్యం చేశారు, కొందరు పారిపోయారు, కొందరు కావాలనే అంటించారు. అంటువ్యాధుల పరిశోధకులు దాని మీద వ్యాసాలు రాశారు. ఆ కథను ఏ రచయితా ముందుగా రాయలేడు. మనుషులే అక్కడ కథ. అది వేరే కళ. సింగిల్ ప్లేయర్ ఎదిగి చేరుకోవాల్సిన పై మెట్టు మాత్రం కాదు.

జనం నిజంగా అటే పోతున్నారా అంటే, ఆన్‌లైన్ ఆటల చరిత్రే అడ్డం తిరుగుతుంది. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ 2014లో నెలకు 15 డాలర్ల చందాతో వచ్చింది, ఏడాది తిరక్కుండానే తప్పనిసరి చందా ఎత్తేసింది. 2016లో ఎవరైనా ఏ ప్రాంతానికైనా ఎప్పుడైనా వెళ్లేలా తలుపులు తెరిచింది. అంటే స్కైరిమ్‌లా మారింది. ‘ఫైనల్ ఫాంటసీ 14’ 2019 నుంచి కథలోని డంజన్లను కంప్యూటర్ నడిపే సహచరులతో ముగించుకునే వీలు కల్పిస్తూ, 2022లో దాన్ని మరింత విస్తరించింది. 2024లో వార్‌క్రాఫ్ట్ కూడా అదే దారి పట్టి, ఒంటరిగానూ ఆడుకోగల ‘డెల్వ్స్’ తెచ్చింది. ఉమ్మడి ప్రపంచం కోసం తహతహలాడుతున్నారన్న జనం, ఉమ్మడి ప్రపంచం లోపలే తమకో గది కావాలంటున్నారు.

ఆయుష్షు సంగతీ చూడాలి. ‘వార్‌హామర్ ఆన్‌లైన్’ సర్వర్లు 2013లో, ‘యాషరన్స్ కాల్’ సర్వర్లు 2017లో ఆపేశారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లకు ఆ లోకాల తలుపు మూసుకుపోయింది. 1998 నాటి మొదటి బాల్డర్స్ గేట్‌ను ఇవాళ హైదరాబాదులో మామూలు లాప్‌టాప్ మీద, నెట్ పోయినా, హాయిగా ఆడుకోవచ్చు. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ ఆడాలంటే అమెరికా సర్వరో యూరప్ సర్వరో ఎంచుకుని, కత్తి ఎత్తినప్పుడల్లా సముద్రాలు దాటి వచ్చే జవాబు కోసం ఎదురుచూడాలి.

మరి ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని ఇంత పెద్ద కంపెనీ ఎందుకు చూడదు? చూస్తుంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆదాయంలో 70 శాతానికి పైగా లైవ్ సర్వీసులదే, అందులో ఫుట్‌బాల్ ఆటలో అమ్మే కార్డులది పెద్ద వాటా. ఒకసారి కొని, ముగించి, పక్కన పెట్టే కథ కంటే ఏడాది పొడవునా జేబులో చెయ్యి పెట్టనిచ్చే ఆట మదుపరులకు ముద్దు. వ్యాపారం చేసేవాడికి ఆ లెక్క వేసుకునే హక్కుంది. ఆ లెక్కను లెక్కగానే చెప్పమనండి, ఆటగాళ్ల కోరిక అని మన నెత్తిన రుద్దొద్దనండి.