ఒక్కడే పరుగెత్తితే పందెమా?

2007లో స్లొవేకియా నిర్మాణ మంత్రిత్వ శాఖ ఒక టెండరు పిలిచింది. విలువ దాదాపు 12 కోట్ల యూరోలు. నోటీసును బయటివాళ్లు అడుగుపెట్టలేని ఆఫీసు నడవాలో ఒక బోర్డుకు అంటించి, కొద్దిరోజులకే పీకేశారు. నోటీసు పెట్టారా? పెట్టారు. చదివే దారి ఉందా? లేదు. కాంట్రాక్టు మాత్రం అధికార కూటమిలోని ఒక పార్టీ నాయకుడి సన్నిహితుల కంపెనీలకు దక్కింది. చివరికి ఇద్దరు మాజీ మంత్రులకు జైలుశిక్ష పడింది.

దాంతో యూరప్ బాగుపడిందా? యూరోపియన్ యూనియన్ ఆడిట్ సంస్థ యూరోపియన్ కోర్ట్ ఆఫ్ ఆడిటర్స్ 2023లో బయటపెట్టిన లెక్క చూడండి. ఒకే ఒక్క బిడ్డు పడిన టెండర్లు 2011లో 23.5 శాతం, 2021 నాటికి 41.8 శాతం! సగటున 5.7 బిడ్లు వచ్చేచోట 2021 నాటికి వచ్చినవి 3.2. చిన్న కంపెనీలకు తలుపులు తీస్తామంటూ యూనియన్ 2014లో తెచ్చిన కొత్త ఆదేశం అమల్లో ఉండగానే ఈ పతనం!

ఇప్పుడు నోటీసు నడవాలో దాచక్కర్లేదు. యూనియన్ టెండర్ల వెబ్‌సైట్ టెడ్‌లో 24 భాషల్లో సారాంశం పెట్టేస్తారు. దాపరికమంతా షరతుల్లోకి మారింది. ఫలానా అనుభవం, ఫలానా సర్టిఫికెట్, ఇంత తక్కువ గడువు అని రాస్తే చాలు, మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు. ఆ తర్వాత అధికారి గుండెమీద చెయ్యేసుకుని నిబంధనలన్నీ పాటించామంటాడు. ఆ మాటే నాకు ఒళ్లు మండిస్తుంది!

హంగరీ సంగతి చూడండి. ఓర్బాన్ ప్రధానిగా ఉండగా ఆయన అల్లుడు కొంతకాలం భాగస్వామిగా ఉన్న ఎలియోస్ కంపెనీకి వీధి దీపాల కాంట్రాక్టులు దక్కాయి. వాటిలో తీవ్రమైన అక్రమాలున్నాయని యూనియన్ దర్యాప్తు సంస్థ ఓలాఫ్ తేల్చింది. హంగరీ పోలీసులేమో నేరమే జరగలేదని 2018లో దర్యాప్తు మూసేశారు. ప్రజాధనం పోయినా దొంగ మాత్రం లేడట!

కొన్ని పనులకు ఒక్కరే ఉంటారని వాదిస్తారు. నిజమే, అరుదైన యంత్రానికి అమ్మకందారు ఒక్కడే కావచ్చు. కానీ పదింట నాలుగు టెండర్లూ అరుదైన యంత్రాలేనా?

మందు స్లొవేకియాలోనే ఉంది. ఆన్‌లైన్‌లో పెట్టనిదే ప్రభుత్వ కాంట్రాక్టు అమల్లోకి రాదని 2011 నుంచి అక్కడ చట్టం. ఇంకో అడుగు వెయ్యండి. ఒక్క బిడ్డే పడితే, మిగతావాళ్లు ఎందుకు రాలేదో అధికారి సంతకంతో జనం ముందు పెట్టాలి. అడ్డొచ్చిన షరతు కొట్టేసి మళ్లీ పిలవాలి. అందాకా ఒక్క యూరో కదలకూడదు. యూనియన్ మొత్తం ఉత్పత్తిలో దాదాపు 14 శాతం ఈ టెండర్ల గుండానే ఖర్చవుతోంది. అది పన్ను కట్టేవాళ్ల సొమ్ము. లెక్క అడిగే హక్కు వాళ్లది, చెప్పాల్సిన పూచీ సంతకం పెట్టినవాడిది!