నిస్తార్ వచ్చింది, గోదావరి మాటేమిటి?

విశాఖపట్నంలో 2025 జూలై 18న ‘నిస్తార్’ నౌక భారత నౌకాదళంలో చేరింది. మన హిందుస్థాన్ షిప్‌యార్డు నిర్మించిన ఈ 118 మీటర్ల నౌక నుంచి డైవర్లు 300 మీటర్ల లోతు వరకు దిగి పనిచేయగలరు. 1971లో విశాఖ చెంత మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ శిథిలాల వద్ద పనిచేసిన పాత నౌక పేరే దీనికీ పెట్టారు. ఇంతవరకు సంతోషమే.

రక్షణ శాఖ పద్దులపై చర్చలను ఏళ్ళ తరబడి ప్రెస్ గ్యాలరీ నుంచి వింటున్నాను. నౌకల ఖరీదును గురించి, జాప్యాన్ని గురించి ప్రశ్నలు వస్తాయి. వాటి నుంచి నీటిలోకి దిగే మనిషి ఊసు అరుదు.

ఆ మనిషి కష్టం సామాన్యమైనది కాదు. ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనంగా మీద పడుతుంది. 30 మీటర్ల వద్ద స్కూబా సిలిండరులోని గాలి నాలుగు రెట్లు వేగంగా ఖర్చవుతుంది. నత్రజని ఒంట్లో కరిగి మత్తు కలిగిస్తుంది. తొందరపడి పైకి వస్తే బుడగలై కీళ్ళను, వెన్నుపామును దెబ్బతీస్తుంది. కనుక లోతు పెరిగిన కొద్దీ వ్యవధి తరుగుతుంది. వినోదానికి నేర్చేవారికి 40 మీటర్లే హద్దు. అది దాటాలంటే హీలియం కలిపిన వాయువులు, పైకి వచ్చే దారిలో మజిలీలు, ఒడ్డున పీడన గది, అన్నింటినీ మించి దీర్ఘమైన అభ్యాసం కావాలి. నిస్తార్ వంటి నౌకలో లోతు పనికి దిగేవారు రోజుల తరబడి పీడన గదిలోనే కాపురముంటారు.

ఇక గోదావరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద విహార పడవ మునిగింది. 26 మంది బ్రతికి బయటపడ్డారు. దాదాపు 50 మంది జలసమాధి అయ్యారు. నౌకాదళం వచ్చింది, జాతీయ విపత్తు దళం వచ్చింది. పడవ 200 అడుగులకు పైబడిన లోతులో ఉందని నాడు చెప్పుకున్నారు. వరద వడికి మనిషి దిగలేకపోయాడు. 38వ నాడు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం గారి బృందం లంగర్లతో, ఇనుప తాళ్ళతో దానిని ఒడ్డుకు ఈడ్చింది. విశాఖ నుంచి వచ్చిన ప్రైవేటు గజ ఈతగాళ్ళు నీట దిగి వారికి తోడ్పడ్డారు. తమవారి దేహాల కోసం కొన్ని కుటుంబాలు అన్నాళ్ళూ ఎదురుచూశాయి.

అంతటి వరదలో ఎవరైనా దిగి తీరవలసిందేనని నేననను. ఎప్పుడు దిగరాదో తెలియడం కూడా శిక్షణలో భాగమే. కాని వరద తగ్గిన తరువాతనైనా దిగగలవారు జిల్లాకు నలుగురైనా ఉండవద్దా? నౌకాదళం రక్షణ శాఖది, విపత్తు దళం హోం శాఖది, నది రాష్ట్రాలది. కబురు మాత్రం ముందుగా అందేది రేవులోని జాలరికి.

కొచ్చిలో నౌకాదళానికి డైవింగ్ పాఠశాల ఉంది. విశాఖలో నిస్తార్ ఉంది. ఉభయ తెలుగు రాష్ట్రాల విపత్తు దళాల నుంచి ఏటా కొందరికి, అనుభవజ్ఞులైన ప్రైవేటు ఈతగాళ్ళను కూడా కలుపుకొని, లోతు నీటి అభ్యాసం ఎందుకు ఇప్పించరాదు? ఆ ఖర్చు ఏ శాఖ పద్దులో వ్రాయాలన్నదే చిక్కయితే, వచ్చే సమావేశాలలో మన సభ్యులు రక్షణ మంత్రినీ హోం మంత్రినీ ఒకే వారంలో, ఒకే ప్రశ్న అడగాలి.