కొంగుముడి వేసుకున్న వైరస్

నాగులేటి ఒడ్డున

పోయిన నెల ఓ రాత్రి పదిన్నరకి గురజాల నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. "మావయ్యా, నాకు క్యాన్సర్ వైరస్ ఉందంట." వారంగా జ్వరం, గొంతునొప్పి. ఎవరో చెబితే ఓ ల్యాబుకి వెళ్లి రక్తమిచ్చాడు. వాళ్లు అరడజను వైరస్‌లకి కలిపి ప్యాకేజీ పరీక్ష చేసి కాగితం చేతిలో పెట్టారు. అందులో ఒకటి ఎప్‌స్టీన్–బార్ వైరస్, ఐజీజీ పాజిటివ్. మిగతాదంతా వాడికి సెల్‌ఫోను చెప్పింది.

"నీ ఒక్కడికే కాదురా, నాకూ ఉంటుంది. మీ అక్క పెళ్లిలో వెయ్యిమంది భోంచేశారే, అందులో తొమ్మిదొందల యాభైమందికి ఉండుంటుంది" అన్నాను. పెద్దవాళ్లలో నూటికి తొంభై, తొంభై అయిదుమంది శరీరంలో ఇది కాపురం ఉంటుంది. వాడు నమ్మలేదు. ఓదార్పుకి చెబుతున్నాననుకున్నాడు.

అందుకని వాళ్ల జేజమ్మ సర్పి సంగతి ఎత్తాను. ఆమెకి అరవై దాటాక నడుముకి ఓ పక్కన మంటమంటగా పొక్కులు లేచాయి. తలా తోకా కలిస్తే మనిషి దక్కదని వాడంతా భయపడి, జాజు పూయించి, మంత్రం వేయించారు. నిజానికి ఆ తలా తోకా కలవడం బహు అరుదు. సర్పి ఒక నరం వెంట పాకుతుంది, ఆ నరం వెన్ను దగ్గర మొదలై ఒంటికి ఒక పక్కకే వస్తుంది. ఆమెకి కొత్తగా ఏదీ అంటుకోలేదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు వచ్చిన వైరసే వెన్ను పక్కన నరాల ముడిలో అన్నేళ్లూ చడీచప్పుడు లేకుండా పడుంది. ఒంట్లో కాపలా సడలగానే లేచింది. ఆ వైరసూ, నీ ఎప్‌స్టీన్–బారూ పుట్టిన హెర్పిస్ కుటుంబం మొత్తానిది ఇదే గుణం. ఒకసారి గడప దాటి లోపలికి వస్తే మళ్లీ బయటికి పోదు.

అయితే ఆటలమ్మ వైరస్‌కి ఒక సుఖం ఉంది. నరకణం విభజన చెందదు. అందులో దూరితే సొంతిల్లు కట్టుకున్నట్టే. ఎప్‌స్టీన్–బార్‌ది అలా కాదు. అది చేరేది రక్తంలోని బి కణాల్లోకి, అంటే వ్యాధి క్రిములమీద ప్రతిదేహాలు తయారుచేసే తెల్లకణాల్లోకి. ఈ కణాలు తిరుగుతాయి, రెండుగా చీలతాయి, ఆ రెండూ నాలుగవుతాయి. ఇంటికి ఇల్లే రెండు ముక్కలై నడిచిపోతుంటే లోపలివాడు ఎక్కడని ఉంటాడు? నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఈ చిక్కు, దానికి ఆ వైరస్ పన్నిన ఉపాయం.

హెచ్‌ఐవీ లాంటి వైరస్ అయితే మన డీఎన్‌ఏని కోసి మధ్యలో తనది అతికిస్తుంది. ఎప్‌స్టీన్–బార్ సాధారణంగా ఆ పని చెయ్యదు. సుమారు 1,72,000 అక్షరాల తన డీఎన్‌ఏని గాజులా గుండ్రంగా చుట్టుకుని, కణ కేంద్రకంలో విడిగా ఉంటుంది. కణం చీలే వేళకి కేంద్రకం గోడ కరిగిపోతుంది. మన క్రోమోజోములని చెరోపక్కకి లాగే తాళ్లు కణానికి ఉన్నాయి, ఈ గాజుని లాగే నాథుడు లేడు. వదిలేస్తే కొత్త కేంద్రకాలకి వెలుపల మిగిలి నాశనమైపోతుంది. అందుకని ఈబీఎన్‌ఏ–1 అనే ప్రోటీన్ చేత కొంగుముడి వేయిస్తుంది. పెళ్లిలో వధువు కొంగూ వరుడి ఉత్తరీయమూ కలిపి ముడేస్తామే, అచ్చం అలాగే: ఈ ప్రోటీన్ ఒక కొస వైరస్ డీఎన్‌ఏలో తనకోసం వరసగా ఉన్న చోట్లని పట్టుకుంటుంది, రెండో కొస మన క్రోమోజోముని. ఇక క్రోమోజోము ఎటుపోతే వైరసూ అటే. కణం తన డీఎన్‌ఏకి నకలు తీసే వేళకే, ఆ యంత్రాంగంతోనే వైరస్ తన నకలూ ఒక్కసారి తీయించుకుంటుంది. అత్యాశకి పోయి వంద నకళ్లు తీయదు. ముడి ప్రతిసారీ గట్టిగా పడుతుందనీ కాదు. బతికున్న కణాల్లో చూస్తే నూటికి సుమారు 84 గాజులకే ప్రతి విడతా నకలు పడుతోందని 2007లో తేలింది. కొన్ని జారిపోతాయి. మిగిలినవి చాలు.

దీని దాయాది కపోసి సార్కోమా వైరస్. 1994లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతులు ఎయిడ్స్ రోగుల చర్మపు కంతుల్లో పట్టుకున్నారు. దానికి ముడివేసే పురోహితుడి పేరు లానా. మన డీఎన్‌ఏ దారం హిస్టోన్ అనే కండెలకి చుట్టుకుని ఉంటుంది కదా, లానా సరాసరి ఆ కండెనే పట్టుకుంటుంది.

ముడి సరే, ఒంట్లో పోలీసులు చూడరా? దాదాపు ప్రతి కణమూ లోపలి ప్రోటీన్లని తుంచి, ముక్కలు గుమ్మంలో పెట్టి టి కణాలకి చూపించాలి. ఈబీఎన్‌ఏ–1లో గ్లైసీన్, ఎలనీన్ అనే రెండు అమైనో ఆమ్లాలే పదేపదే వచ్చే పొడవాటి భాగం ఒకటుంది. అది ఉన్నందువల్ల ఆ ప్రోటీన్ తేలిగ్గా తునగదు, గుమ్మానికి రాదు. విశ్రాంతిగా ఉన్న కణంలో అయితే వైరస్ ఆ ప్రోటీన్‌ని కూడా తయారుచెయ్యదు. నోరు కుట్టుకుని కూర్చుంటుంది. ఆరోగ్యవంతుడి రక్తంలో పది లక్షల బి కణాలకి ఒకటి నుంచి యాభై దాకా మాత్రమే ఇలాంటివి ఉంటాయి. మందులు దీన్నేమీ చెయ్యలేకపోవడానికీ కారణమిదే. వినుకొండ వైపు పొగాకు వేసే రైతుని అడగండి, పొగాకు మల్లె అనే కలుపు విత్తనం మట్టిలో ఏళ్లతరబడి ఎలా పడుంటుందో చెబుతాడు. మొలిచినదాన్ని పీకొచ్చు, మొలవనిదాన్ని ఎక్కడని వెతుకుతాం? సర్పికి వాడే ఎసైక్లోవిర్ కూడా వైరస్ పిల్లలు పెడుతున్నప్పుడే పనిచేస్తుంది. ఆ ముడినే విప్పే మందు కోసం ప్రయత్నాలు సాగుతున్నాయి. టీకా కూడా ఇంకా పరీక్షల దశలోనే ఉంది.

ఈ వైరస్ బయటపడ్డ తీరు కూడా చెప్పాలి. ఉగాండాలో పిల్లల దవడలకి వచ్చే క్యాన్సర్ కంతుల గురించి డెనిస్ బర్కిట్ అనే సర్జన్ 1961 మార్చిలో లండన్‌లో మాట్లాడితే, వింటున్న ఆంథొనీ ఎప్‌స్టీన్‌కి దీని వెనక వైరస్ ఉందేమోనన్న అనుమానం పట్టుకుంది. రెండేళ్లు కంతి ముక్కలు తెప్పించుకుని వెతికాడు, ఏమీ దొరకలేదు. 1963 డిసెంబరులో ముక్క తెచ్చే విమానం పొగమంచుకి మాంచెస్టర్‌కి మళ్లింది. ఆలస్యంగా చేరిన సీసాలో నీరు మబ్బుగా ఉంది. కుళ్లిందని పారబోసేవాళ్లే. చూస్తే అవి విడివడి ఈదుతున్న కంతి కణాలు. వాటిని పెంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెడితే హెర్పిస్ ఆకారం కనబడింది. ఎప్‌స్టీన్, అచాంగ్, ఇవాన్ బార్ 1964లో ప్రకటించారు. ఆ పిల్లలకి బర్కిట్ వాడిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపించిన లెడర్లీ ప్రయోగశాల మందది.

ఇంతమందిలో ఉన్న వైరస్ కొద్దిమందికే ఎందుకు క్యాన్సర్ అవుతుంది? బి కణాన్ని ఉసిగొల్పి పెంచే ప్రోటీన్లు దీని దగ్గర ఉన్నాయి. కానీ అవి బయటికి తీస్తే టి కణాలు గుర్తుపట్టి కణాన్నే చంపేస్తాయి. మలేరియా పదేపదే వచ్చిన ఆఫ్రికా పిల్లల్లో, అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవాళ్లలో, హెచ్‌ఐవీకి మందు వేసుకోనివాళ్లలో ఆ కాపలా పలచబడుతుంది. మన ఆందోళన అంటూ ఉంటే ఇక్కడ ఉండాలి. ఉమ్మడి గుంటూరు జిల్లాకి హెచ్‌ఐవీ కొత్త కాదు. 2004–05లో లలిత్ దండోనా బృందం పల్లెలూ పట్నాలూ తిరిగి 12,617 మంది రక్తం పరీక్షించి, 15–49 ఏళ్లవాళ్లలో 1.72 శాతానికి ఉందని తేల్చింది. అప్పటిదాకా వేసిన అంచనా అంతకి రెట్టింపు పైనే. అది తగ్గిందని సంబరపడ్డవాళ్లున్నారు గానీ, 1.72 చిన్న అంకె కాదు. 2004 ఏప్రిల్ 1 నుంచి దేశంలో హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితం. రోజూ ఆ మాత్ర వేసుకునే మనిషి ఒంట్లో టి కణాలు నిలబడతాయి, అవి నిలబడితే కొంగుముడి వైరస్‌లు మూల నుంచి కదలవు. కపోసి సార్కోమా మన దేశంలో మొదటినుంచీ అరుదే. తెల్లకణాల క్యాన్సర్ లింఫోమా మాత్రం అరుదు కాదు. మిరపకోతల నాలుగు నెలలూ ఊరుకాని ఊళ్లో ఉండే కూలీకి ఆ మాత్ర తప్పకుండా అందుతుందా అన్న ప్రశ్న ఏ ప్యాకేజీ పరీక్షలోనూ ఉండదు.

ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో వచ్చిందని మాత్రమే అర్థం. మెడ గడ్డలు తగ్గకుండా పెరుగుతున్నా, బరువు తగ్గిపోతున్నా డాక్టరుని కలవాలి, గడ్డ నుంచి ముక్క తీసి చూడాలి. ఊరికే జ్వరానికి ఈ పరీక్ష అమ్మడం నా దృష్టిలో భయాన్ని అమ్ముకోవడమే.

మూడోరోజు మేనల్లుడే చేశాడు. జ్వరం పోయింది. "మావయ్యా, అసలు నాకెట్లా వచ్చిందంటావ్?"

"ఉమ్ముతో వస్తుంది. మన దగ్గర చాలామందికి పసితనంలోనే వచ్చేస్తుంది. మీ అమ్మ ఉడుకన్నం ఊది, వేడి తన నాలిక్కి తగిలించి చూసి ముద్ద పెట్టేది కదా."

ఫోను స్పీకర్లో ఉన్నట్టుంది. వెనక నుంచి మా అక్క గొంతు వినపడింది. "నేను ఊరికే పెట్టినదానికి మూడువేలు పోసి రశీదు తెచ్చుకున్నావంట్రా?"

— పల్నాటివాసి