ఈ దూరం ఖరీదు ఎవడు కట్టాడు?

రాజమండ్రిలో ఇల్లు గడవడానికి నెలకెంతవుతుందని ఏ ఇల్లాలినడిగినా వేళ్ళ మీద లెక్క చెబుతుంది. అద్దె, బియ్యం, పాలు, గ్యాసు బండ, పిల్లల ఫీజులు, ఆటో, కరెంటు. ఆఖరున మంచినీళ్ళ టిన్ను. అఖండ గోదావరి ఊరి ఒడ్డు ఒరుసుకుని పోతుంటే, ఇరవై లీటర్ల టిన్ను గుమ్మంలో దింపించుకుని తాగే ఊరు మనది! కొళాయి రాదని కాదు. వస్తుంది, దాని వేళకి అది వస్తుంది. కానీ నల్లా చానల్, ఆవ చానల్ ఊరి మురుగు మోసుకుని ఎక్కడికి పోతున్నాయో తెలిసినవాడు ఆ నీళ్ళు నమ్మి నోట పోసుకోడు.

ఆ లెక్కలో ఇల్లాలు చెప్పని పద్దు ఒకటుంది. అదే దూరం. సర్కారు మనకి ఎంత దూరంగా కూర్చుందో అంత ఖర్చు మన జేబులోంచి పోయింది. ఏ బడ్జెట్టులోనూ ఈ పద్దు కనపడదు. అందుకే దాని గురించి ఎవడూ మాట్లాడడు. మేం మాట్లాడతాం.

దగ్గరి దూరంతో మొదలెడదాం. 2022 ఏప్రిల్ 4 దాకా మన కలెక్టరు కాకినాడలో ఉండేవాడు. జిల్లాలోకెల్లా పెద్ద ఊరు రాజమండ్రి. అయినా భూమి తగాదా అర్జీకి, సోమవారం గ్రీవెన్సుకి, ఓ సంతకానికి 60 కిలోమీటర్ల పైచిలుకు బస్సెక్కాలి. సారు మీటింగులో ఉంటే మళ్ళీ వారం. రోజు కూలీ పోయె, బస్సు చార్జీ పోయె, హోటలు భోజనం అదనం. కొవ్వూరు వాళ్ళ గోడు ఇంకా విచిత్రం. వంతెన దాటితే రాజమండ్రి. వాళ్ళ కలెక్టరు మాత్రం ఏలూరులో! రోగమొస్తే? మన పెద్దాసుపత్రిలో చూసి కాకినాడ రాసిచ్చేవారు. 2023లో ఇక్కడ మెడికల్ కాలేజీ తెరిచేదాకా ఆ దారిలో ఎన్ని ఊపిరులు ఆగిపోయాయో లెక్క రాసినవాడు లేడు.

జిల్లా చిన్నదైంది. కొవ్వూరు, నిడదవోలు మనతో కలిశాయి. ఆకాశమేమీ ఊడి పడలేదే! జిల్లా విడిస్తే పాలన దగ్గరైందని మెచ్చుకున్న నోళ్ళే, రాష్ట్రం విడదీయమంటే దేశద్రోహమన్నట్టు ఎందుకు అరిచాయి?

ఇక పెద్ద దూరం. హైదరాబాదు. 1956 నవంబరు నుంచి 2014 జూన్ దాకా 58 ఏళ్ళు. సెక్రటేరియట్ అక్కడే, హైకోర్టు అక్కడే, కేంద్ర సంస్థలు అక్కడే, ఉద్యోగమూ అక్కడే. పింఛను ఫైలు కదలాలంటే గౌతమి ఎక్కాలి. డిగ్రీ చేతికొచ్చిన కుర్రాడు బతకాలంటే గౌతమి ఎక్కాలి. సంక్రాంతికి వాడు ఇంటికి రావాలంటే రైల్లో బెర్తు దొరకదు, ప్రైవేటు బస్సువాడు పండగ పేరు చెప్పి రెట్టింపు గుంజుతాడు. కోనసీమలో తండ్రి 75 కిలోల ధాన్యం బస్తా కళ్ళంలో తెగనమ్మి పంపిన డబ్బు అమీర్‌పేట హాస్టలు అద్దెకి పోయింది. ఆ అద్దె రాజమండ్రిలో తిరిగితే ఇక్కడ పది దుకాణాలు నిలిచేవి. 2011లో అదే కోనసీమ రైతు గిట్టుబాటు కాక క్రాప్ హాలిడే ప్రకటించి చేలు బీడు పెట్టాడు. ఇంత పెద్ద డెల్టాలో సాగు మానుకున్నాడంటే వాడి కడుపు ఎంత మండి ఉండాలి?

తెలంగాణ సోదరులు తమది తాము అడిగారు. తప్పేముంది? మన పెద్దలూ 1972లో అడిగారు. ముల్కీ నిబంధనల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక జై ఆంధ్ర అని ఊళ్ళకి ఊళ్ళు రోడ్డెక్కాయి. తూటాలకు బలయ్యారు. 1973లో ఆరు సూత్రాలు చేతిలో పెట్టి ఇళ్ళకు పొమ్మన్నారు. ఆనాడే ఇచ్చి ఉంటే మన రాజధాని ఈపాటికి యాభై ఏళ్ళ ఊరు. 2013లో మళ్ళీ అడిగితే సమైక్య జెండాల వాళ్ళు మమ్మల్ని పిచ్చివాళ్ళలా చూశారు. రెండు నెలలు బస్సులాపారు, బడులు మూశారు. ఎవరి కోసం? హైదరాబాదులో ఆస్తులున్న నాయకుల కోసం! నష్టపోయింది దేవీచౌక్‌లో చెప్పులు కుట్టుకునేవాడు, ఆటో కిస్తీ కట్టాల్సినవాడు. చివరికి రాష్ట్రం రానే వచ్చింది. మనం గౌరవంగా అడిగి తెచ్చుకోవాల్సింది కాస్తా, రాజధాని లేకుండా మన మొహాన పడేశారు.

ఇక్కడో పెద్దమనిషి అడ్డొస్తాడు. "నీళ్ళూ మురుగూ మునిసిపాలిటీ పనులు కదా, వీటికి రాష్ట్రంతో ఏం పని?" అని. సరే, మునిసిపాలిటీ సంగతే చూద్దాం. మన కార్పొరేషను కౌన్సిలు గడువు 2019లో ముగిసింది. 2021లో మిగతా ఊళ్ళకు ఎన్నికలు పెట్టారు, మనకు పెట్టలేదు. గ్రామాల విలీనం, కోర్టు కేసు అని సాకులు. ఏళ్ళ తరబడి ప్రత్యేకాధికారి పాలన. సరిగ్గా ఆ కాలంలోనే, 2021లో, ఇంటి పన్నును ఆస్తి విలువ మీదికి మార్చారు. చెత్తకు కూడా పన్నేశారు. అడగడానికి కార్పొరేటరేడీ? ఓటు లేదు గానీ నోటీసు మాత్రం టంచనుగా గుమ్మానికొచ్చింది. చెత్త పన్ను 2024లో ప్రభుత్వం మారాక పోయింది. కట్టిన డబ్బులు మాత్రం మళ్ళీ రాలేదు. ఈ నిర్ణయాలన్నీ చేసింది రాజధానే కదా పెద్దమనిషీ?

గట్టి వాన పడితే ఆర్యాపురం, తుమ్మలావ వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు. గోదారి పొంగితే ఊళ్ళో నీరు బయటికి పోయే దారే ఉండదు. రోడ్డు కం రైలు వంతెన 1974 నాటిది. మరమ్మతులని 2023లో మూసేస్తే కొవ్వూరు నుంచి పనికొచ్చేవాడు గామన్ బ్రిడ్జి చుట్టు తిరిగి పెట్రోలు కాల్చుకున్నాడు.

గ్యాసు మాటా అంతే. మన సముద్రం కింద తవ్విన గ్యాసు 2009 నుంచి గాడిమొగ దగ్గర పైపెక్కి దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచి గుజరాత్ చేరింది. 2014 జూన్‌లో నగరంలో పైపు పేలితే కాలిపోయింది మనవాళ్ళు. గ్యాసు ధర కేంద్రం చేతిలోది, రాష్ట్రం వచ్చినంతలో బండ చవకవదని మాకూ తెలుసు. గట్టిగా అడిగే గొంతు వస్తుందనుకున్నాం. వచ్చిన గొంతులు ఢిల్లీ వెళ్ళి శాలువాలు కప్పి వచ్చాయి.

ఇప్పుడు అమరావతి. రాజధాని వద్దని మేం అనం. రైతులు ముప్పై వేల ఎకరాల పైచిలుకు ఇచ్చారు, కట్టి తీరాలి. కానీ ప్రపంచ బ్యాంకు, ఏడీబీలు కలిసి రాజధానికి వేల కోట్ల అప్పిస్తుంటే, ప్రతి ఆఫీసూ ప్రతి కాలేజీ ప్రతి ఆసుపత్రీ మళ్ళీ ఒక్కచోటే పోగుపడితే, మనం గౌతమి దిగి ఇంకో రైలెక్కుతాం, అంతేగా? హైదరాబాదు దగ్గర చేసిన తప్పే ఇంటి దగ్గర చేస్తే దాన్ని స్వపాలన అంటారా?

2015 పుష్కరాలకు ఘాట్ల మీద కోట్లు గుమ్మరించారు. తొలిరోజే పుష్కర ఘాట్‌లో పాతికమందికి పైగా తొక్కిసలాటలో పోయారు. 2027 పుష్కరాల పేరుతో వచ్చే డబ్బులో మొదటి రూపాయి నల్లా చానల్ మురుగు గోదారిలో కలవకుండా శుద్ధి చేయడానికి పెట్టాలి. రెండోది ఆర్యాపురం, తుమ్మలావ కాలవలకు. రంగులూ లైట్లూ తర్వాత. ఖర్చు లెక్క వార్డు వార్డునా గోడకు అంటించాలి. కౌన్సిలు లేకుండా ఈ ఊరి మీద ఇంకో పన్ను వేస్తే కట్టేది లేదని నోటీసు తెచ్చినవాడికి మర్యాదగానే చెబుదాం. వాడూ మనలాగే టిన్ను నీళ్ళు తాగేవాడే.